మంట సరే, పొగ సంగతి?

ఇంటి కరెంటు వైరు మీద ‘ఎఫ్‌ఆర్’ (ఫ్లేమ్ రిటార్డెంట్) అని ఉంటే ఇక భయం లేదని మీ వ్యాసంలో రాశారు. కేబుల్ కాంపౌండ్, అంటే వైరు పైతొడుగుకు వాడే ప్లాస్టిక్ మిశ్రమం, తయారుచేసే చిన్న యూనిట్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, అందుకే ఈ కామెంట్. ఎఫ్‌ఆర్ అంటే మంట పాకడం తగ్గుతుందని మాత్రమే. కాంపౌండ్‌లో కలిపే యాంటిమనీ ట్రయాక్సైడ్ అనే పొడి, పీవీసీ ప్లాస్టిక్‌లోని క్లోరిన్‌తో కలిసి మంటను అణచేస్తుంది. పొగ మాత్రం నల్లగా, హైడ్రోజన్ క్లోరైడ్ ఘాటుతో వస్తుంది. మా ల్యాబ్‌లో జానెడు ముక్క కాల్చినా గొంతు పట్టేస్తుంది. అగ్నిప్రమాదాల్లో ఎక్కువమందిని చంపేది పొగే కదా!

హాలోజన్ (క్లోరిన్ లాంటి మూలకాలు) లేని రకం కాంపౌండ్‌లో ఎక్కువగా వాడేది అల్యూమినియం ట్రైహైడ్రేట్. చూడ్డానికి అచ్చం ముగ్గుపిండే. వేడి 200 డిగ్రీలు దాటాక తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని ఆవిరిగా వదులుతూ మంటను చల్లారుస్తుంది. పొగ కూడా పలచనే. కానీ చిటికెడు వేస్తే లాభం లేదు, కాంపౌండ్ బరువులో 60 శాతం దాకా పోయాలి. అంత పొడి పడ్డాక ప్లాస్టిక్ సాగడం తగ్గిపోతుంది. ఓ నైట్ షిఫ్ట్‌లో ప్లాస్టిక్‌ను కరిగించి బయటికి నెట్టే ఎక్స్‌ట్రూడర్ వేడి కాస్త పెరిగింది, ఆ నీరు మెషీన్‌లోనే ఆవిరై బ్యాచ్ మొత్తం మరమరాల్లా పొంగింది. తెల్లారి మా సూపర్‌వైజర్ మొహం చూడాలి!

హాలోజన్ లేని వైరు ధర ఎక్కువే, కాదనను. అయినా ఒకటే మెట్లదారి ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు కాయిల్ మీద ఎఫ్‌ఆర్ ఉందా, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ (పొగ తక్కువ వచ్చే రకం) ఉందా, జెడ్‌హెచ్‌ఎఫ్‌ఆర్ (హాలోజన్ లేని రకం) ఉందా అన్నది చూసే కొనండి. ఎలక్ట్రీషియన్ ‘అన్నీ ఒకటే సార్’ అంటాడు. ఒకటి కాదు.