కుందేలు ఎవరిదో చెప్పకూడదట!

హైదరాబాద్‌లో కుందేళ్ళ అందాల పోటీలు ఘనంగా జరగాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ ఉత్సాహంతోనే అమెరికావాళ్ళ నిబంధనలు ముందేసుకుని కూర్చున్నాను. అక్కడ 1910 నుంచి ఈ పనికి ఒక జాతీయ సంఘమే ఉంది. జాతికో ప్రమాణం, ప్రమాణానికి 100 మార్కులు. నూటికి నూరు రాకపోతే ఇంట్లో ముఖం చూపించలేని ఊరు మనది, కాబట్టి ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా ఎడమ చెవి దగ్గర మొదలైంది. పోటీకి వచ్చే ప్రతి కుందేలుకూ ఎడమ చెవి లోపల పచ్చబొట్టుతో ఒక నంబరు ఉండాలి. జడ్జికి కనిపించేది ఆ నంబరే. యజమాని అక్కడే నిలబడి ఉన్నా "ఇది నాది" అని సైగ చేయకూడదట. అయ్యా, కుందేలు ఎవరిదో తెలియకుండా అది మంచిదో కాదో ఎలా చెబుతారు? మన దగ్గర బడిలో సీటు దగ్గర్నుంచి శ్మశానంలో స్లాటు దాకా ముందు అడిగేది "ఎవరి తాలూకు?" అనే కదా.

సరే, ఆశ చావని కొత్తవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌కి వెళ్ళి "ఏ జాతి భాయ్?" అని అడిగితే "తెల్ల జాతి" అంటారు. పోటీకి అది చాలదు. జాతిని బట్టి బరువు లెక్కలుంటాయి. నెదర్లాండ్ డ్వార్ఫ్ అనే పొట్టి జాతి రెండున్నర పౌండ్లు, అంటే దాదాపు 1.13 కిలోలు దాటితే బల్ల దిగాల్సిందే. ఫ్లెమిష్ జెయింట్ అనే భారీ జాతికి పై హద్దే లేదు. అమ్మమ్మ ఉన్న ఇంట్లో రెండోదే పెంచడం క్షేమం. ఆడా మగా తేడా కూడా స్వయంగా చూసుకోవాలి. తప్పు తరగతిలో దింపితే కుందేలుతోపాటు పరువూ పోతుంది. పైగా జత పొరపాటైతే నెల తిరిగేసరికి బాల్కనీ నిండుతుంది. గర్భం సుమారు 31 రోజులే.

అసలు పరీక్ష మే నెలలో. కుందేలుకు మనలాగా చెమట పట్టదు. ఒంటి వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. నలభై డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద పెడితే వడదెబ్బకు ప్రాణమే పోతుంది. కాబట్టి ఇంట్లో ఏసీ గది దానికిచ్చి, మీరు హాల్లో కూలర్ ముందు పడుకోవాలి. కరెంటు పోతే ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి దాని పక్కన పెట్టాలి. ఇంటికొచ్చిన బంధువులు క్యారెట్లు తెస్తారు. చక్కెర ఎక్కువ కాబట్టి వాటిని బంధువులకే వండి పెట్టండి. కుందేలుకు కావలసింది ఎండుగడ్డి. పోటీ రేపనగా ఎవరైనా తలంటు పోస్తామని కుంకుడుకాయలు కొడుతుంటే ప్రాణాలకు తెగించి అడ్డుపడండి. స్నానం చేయిస్తే బెదిరి జబ్బుపడుతుంది. తడి చేత్తో నిమిరి, ఊడిన వెంట్రుకలు తీస్తే చాలు.

జడ్జి దాన్ని వెల్లకిలా తిప్పి పళ్ళు, గోళ్ళు చూస్తాడు. పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవకపోతే అనర్హత. చాలా జాతుల్లో రంగు కుందేలుకు ఒక్క గోరు తెల్లగా ఉన్నా అనర్హతే. "ఒక్క గోరే కదా సార్, కొంచెం చూడండి" అనడానికి వీల్లేదు. ఆ గోటికి రంగు పూస్తే మోసం కింద లెక్క. అన్నిటికన్నా దారుణం, తప్పేమిటో జడ్జి అందరి ముందూ బయటికే చెబుతాడు, పక్కనున్నవాళ్ళు రాసుకుంటారు. "మేం ఫోన్ చేసి చెబుతాం" అనే నాగరికత వాళ్ళకు తెలియదు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించే జాతి మనది. అక్కడ గ్రాండ్ ఛాంపియన్ కావడానికీ మూడు 'కాళ్ళే' కావాలి, కాకపోతే అవి వాళ్ళు 'లెగ్' అని పిలిచే గెలుపు పత్రాలు. ఒక్కో కాలికీ పోటీలో కనీసం అయిదు కుందేళ్ళు, ముగ్గురు యజమానులు ఉండాలి. ఒకే జడ్జి మూడూ ఇస్తే చెల్లదు, కనీసం ఇద్దరు ఇవ్వాలి. అంటే ఒక్క బావమరిది సరిపోడు. సంఘంలో కుందేలు రిజిస్ట్రేషన్‌కు వంశవృక్షం మూడు తరాలు చాలట. అటు ఏడు, ఇటు ఏడు చూసే మనకు ఇది చాలా సులువు.

అందుకని మన వాతావరణానికి తగ్గట్టు కొన్ని సవరణలు ప్రతిపాదిస్తున్నాను. ఎడమ చెవి నంబరు అలాగే ఉంచి, కుడి చెవిలో యజమాని మేనమామ హోదా పొడిపించాలి. తెల్లగోరు ఉన్న కుందేళ్ళకు మేనేజ్‌మెంట్ కోటా కేటాయించాలి. ఓడినవాటికి ప్రోత్సాహక బహుమతి, గెలిచినవాటి యజమానులకు శాలువా. ముఖ్య అతిథిగా ఎవరో ఒక నాయకుడు మూడు గంటలు ఆలస్యంగా ఎలాగూ వస్తారు కాబట్టి, అంతసేపూ కుందేళ్ళను ఏసీలో ఉంచి జనాన్ని ఎండలో కూర్చోబెట్టాలి. ఆయన ఫొటో కోసం విజేతను చెవులు పట్టుకుని పైకెత్తకుండా పక్కనే ఒక వాలంటీరును నిలబెట్టాలి. ఆ వాలంటీరు కాస్త ధైర్యవంతుడై ఉండాలి.