చౌక సినిమా, ఖరీదైన కారు

1950ల నాటి అమెరికన్ చౌక నేరకథా చిత్రాల గురించి, అందులోనూ రేసు కార్లున్న వాటి గురించి మాట రాగానే "నవ్వుకోవడానికి బాగుంటాయి" అని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను వాటిని నవ్వుకోవడానికి చూడను. కారెక్కినవాడికి ఆ కారు తప్ప మరో దిక్కు లేదన్న నమ్మకం వాటిలో కలుగుతుంది. ఇప్పటి భారీ చిత్రాల్లో ఎంత వెతికినా నాకది దొరకదు.

'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' అనగానే అందరికీ 2001లో మొదలైన సినిమాల వరుసే గుర్తుకొస్తుంది. కానీ ఆ పేరు అంతకు దాదాపు అర్ధ శతాబ్దం ముందుది. 1954లో, 28 ఏళ్ల వయసులో రోజర్ కోర్మన్ నిర్మించిన 73 నిమిషాల నలుపు తెలుపు చిత్రం అది. ఖర్చు సుమారు 50 వేల డాలర్లు, చిత్రీకరణ సుమారు పది రోజులు. హీరో జాన్ ఐర్లండే ఎడ్వర్డ్ శాంప్సన్‌తో కలిసి దర్శకత్వం కూడా వహించాడు. కొత్త సినిమా తీసినవాళ్లు ఆ పేరు వాడుకునే హక్కును కోర్మన్ దగ్గరే తీసుకున్నారు. పాత చిత్రాన్ని వెతికి చూసినవాళ్లు మాత్రం నాకు ఎక్కడా తగలడం లేదు.

కథ ఒక్క ముక్కలో చెప్పవచ్చు. చేయని హత్య నెత్తిన పడి జైలు నుంచి పారిపోయిన లారీ డ్రైవర్, రోడ్డు పక్క హోటల్లో కనిపించిన యువతిని ఆమె కారుతో సహా బలవంతంగా తీసుకుపోతాడు. ఆ కారు జాగ్వార్ ఎక్స్‌కే 120. 1948లో లండన్ మోటార్ షోలో తొలిసారి కనిపించినప్పుడు జనం కళ్లప్పగించి చూసిన కారు. 3.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. పేరులోని 120 గంటకు 120 మైళ్ల వేగానికి గుర్తు. పొడవాటి బానెట్, రెండే సీట్లు, పైకప్పు తీస్తే అంతా బట్టబయలు. తలుపులు ఎంత కిందికి ఉంటాయంటే కూర్చున్నవాళ్ల మోచేతులు బయటికే కనిపిస్తాయి.

నన్ను కట్టిపడేసింది సరిగ్గా ఇక్కడే. పోలీసులు వెతుకుతున్న మనిషి దాక్కోవడానికి ఇంతకంటే పనికిరాని బండి లేదు. ఏ ఊళ్లో ఆగినా పదిమంది తిరిగి చూస్తారు. అలాంటి కారు ఎవరి కంటా ప్రత్యేకంగా పడని చోటు ఒక్కటే: అలాంటి కార్లు బారులు తీరి నిలబడే రేసు. అందుకే అతను మెక్సికో సరిహద్దు దాటే పోటీలో చేరతాడు. నంబరు వేసుకుని, జనం మధ్యలోంచి, పోలీసుల ముందునుంచే పోవాలి. కథలోని ఉత్కంఠ అంతా ఆ కారు ఆకారం నుంచే పుట్టింది. ఇంత శుభ్రమైన కథనం కోట్ల ఖర్చుతో తీసిన ఎన్ని సినిమాల్లో ఉంది?

పక్క సీట్లోని యువతిగా నటించిన డొరొతీ మలోన్‌కు కొన్నేళ్లలోనే ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. కెమెరా పట్టిన ఫ్లాయిడ్ క్రాస్బీ అప్పటికే ఆస్కార్ అందుకున్నవాడు. డబ్బు తక్కువైతే పనితనం కూడా తక్కువేనని ఎవరన్నారు?

ఇక ఆ సినిమాలో కారు నిలబెట్టి వెనక తెరమీద రోడ్డు ఆడించిన షాట్లు ఉన్నాయి, నిజమే. అవి చూడగానే తెలిసిపోతాయి. కానీ వాటి పక్కనే కాలిఫోర్నియా రోడ్లమీద నిజంగా దూసుకుపోయే కార్లూ ఉన్నాయి. రేసు కోసం ట్రాక్ కట్టే స్తోమత లేక మాంటెరే వైపు నిజంగా జరిగిన పోటీ దృశ్యాలను వాడుకున్నారు. కోర్మన్ తానే ఒక కారు నడిపాడు. ఆ రోజుల్లో మాంటెరే దగ్గరి పెబుల్ బీచ్ రేసులు చెట్ల మధ్య మామూలు రోడ్లమీదే జరిగేవి. 1956లో రేసు డ్రైవర్ ఎర్నీ మెకాఫీ అక్కడ చెట్టుకు గుద్దుకుని చనిపోయాక అవి ఆగిపోయాయి. మరుసటి ఏడాది లగూనా సెకా ట్రాక్ వచ్చింది. కాబట్టి ఆ దృశ్యాల్లో రోడ్డుకు ఆనుకుని చెట్లు కనిపించినప్పుడు నా గుండె నిజంగానే ఝల్లుమంటుంది. ఆ ప్రమాదం ఎవరో కంప్యూటర్‌లో గీసింది కాదు.

1954లోనే వచ్చిన 'డ్రైవ్ ఎ క్రూకెడ్ రోడ్' ఇంకా గొప్పది. రిచర్డ్ క్వైన్ దర్శకుడు, మికీ రూనీ హీరో. నుదుటిమీద మచ్చ, గదిలో రేసుల్లో గెలిచిన కప్పులు, షెడ్డులో తోటివాళ్ల ఎగతాళి, ఇదీ ఆ మెకానిక్ బతుకు. యూరప్ వెళ్లి పెద్ద రేసుల్లో నడపాలని అతని కోరిక. బ్యాంకు దొంగలకు కావలసింది అతని డ్రైవింగ్ నేర్పు మాత్రమే. పోలీసులు దారులు మూసేలోగా కొండ రోడ్డు దాటించగల డ్రైవరు కావాలి. అందుకోసం ఒక అమ్మాయిని ఎర వేస్తారు. ఆ కొండ రోడ్డు ప్రయాణంలో రూనీ ముఖం చూడండి. జీవితమంతా ఎవరి ముందూ నోరు విప్పలేని మనిషి స్టీరింగ్ పట్టుకున్న ఆ కాసేపు ఎవరికీ భయపడడు. తన బతుకులో ఉన్న ఒకే ఒక్క స్వచ్ఛమైన విద్యను దొంగల కోసం ఖర్చు చేస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పటి సినిమాల్లో కారు గాలిలోకి ఎగిరి భవనంలోంచి భవనంలోకి దూకినప్పుడు నాకు ఏమీ అనిపించదు. టైరు రాళ్లమీద జారి, చేతులు స్టీరింగ్‌ను సరిచేసుకునే ఆ అర సెకను చాలు.

జాగ్వార్ సినిమా ఇప్పుడు అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అంటే దానిమీద ఎవరికీ కాపీహక్కు లేదు. అందువల్ల ఆన్‌లైన్‌లో అరిగిపోయిన, మసకబారిన కాపీలు కుప్పలుగా ఉన్నాయి. దయచేసి మొదట కనిపించినదాన్ని నొక్కి, రెండు నిమిషాలు చూసి తీర్పు చెప్పకండి. కాస్త శుభ్రమైన ప్రింటు వెతకండి, ఫోనులో కాకుండా పెద్ద తెరమీద పెట్టండి, రేసు మొదలయ్యేదాకా ఉండండి. అప్పటికీ నచ్చకపోతే నాతో వాదనకు రండి, నేను సిద్ధం.