గజం పద్దెనిమిది వేల స్వాతంత్ర్యం

దేశానికి స్వాతంత్ర్యం 1947లో వచ్చింది. మన తెలంగాణకు 13 నెలలు లేటుగా, 1948 సెప్టెంబర్ 17న వచ్చింది. నాకైతే ఇంకా రానేలేదని హన్మకొండ చౌరస్తాలో చేతిలో పెట్టిన పాంప్లెట్ చూశాకే తెలిసింది. 'అద్దె బానిసత్వం ఇంకెన్నాళ్లు? అందుబాటు ధరలో ఇండిపెండెంట్ హౌస్!'

ఆదివారం వ్యాన్ ఎక్కించుకుని ఖమ్మం రోడ్డు మీద తీసుకెళ్లారు. మామునూరు ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలట. విమానం ఇంకా మళ్లీ ఎగరలేదు గానీ గజం ధర ఎప్పుడో ఎగిరింది. పత్తి చేను మధ్యలో ఒక ఆర్చి, నలభై జెండాలు, నేల మీద సున్నపు గీతలు. ఏజెంట్ తమ్ముడు గీత దగ్గర ఆగి, లేని తలుపు తెరిచి, 'రండి సార్, ఇది హాల్' అన్నాడు. నేను పక్క నుంచి అడుగేశాను. 'సార్ సార్, అది గోడ!' గోడలోంచి వెనక్కి వచ్చి తలుపు గుండా వెళ్లాను. పూజగది దగ్గర మా ఆవిడ చెప్పులు కూడా విప్పింది. మాస్టర్ బెడ్‌రూంలో మేక మేస్తోంది. వాస్తు బాగుందన్నమాట.

150 గజాలు, గజం 18,000. అంటే 27 లక్షలు. ఇల్లు కట్టడం వేరే ఖర్చు. అందుబాటు ఎక్కడుంది తమ్మీ అంటే, 'లోన్ ఉంది కద సార్, 20 ఏళ్లు' అన్నాడు. నాకిప్పుడు 41. మా ఓనర్ మోటార్ బంద్ చేస్తాడు గానీ, కిస్తీ కట్టలేదని ఇల్లు జప్తు చేయడు.

నా సంగతి వదిలేయండి, నేను వ్యాన్ ఎక్కగలిగినవాణ్ని. మా గల్లీలో ఇస్త్రీ బండి అక్క సర్కారు ఇచ్చే డబుల్ బెడ్‌రూం ఇంటికి అర్జీ పెట్టింది, రాలేదు. 2024లో ఇందిరమ్మ ఇళ్ల పథకం వచ్చింది, ఇల్లు కట్టుకోను 5 లక్షలిస్తామన్నారు. ఆమె పేరు ఎల్-2లో, అంటే జాగా లేనివాళ్ల లిస్టులో పడింది. ఎల్-1 అంటే సొంత జాగా ఉన్నవాళ్లు, ముందు వాళ్లకే. జాగా లేకనే కదయ్యా ఆమె మిమ్మల్ని అడిగింది! జాగా ఉన్నవాళ్లన్నా సుఖపడ్డారా? ముందు అప్పు తెచ్చి బేస్‌మెంట్ లేపాలి, దాని ముందు నిలబడి ఫొటో దిగాలి, అప్పుడు మొదటి లక్ష. 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆపుతారు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో అంతస్తుల మీద అంతస్తులు లేస్తుంటే ఈ టేపు ఎక్కడ దాచిపెట్టారు?

ఏజెంట్ నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఈస్ట్ ఫేసింగ్ ఒక్కటే మిగిలిందట. మేక ఉన్నదేనా అని అడిగితే పెట్టేశాడు.