మహారాజశ్రీ టేప్ డ్రైవ్ గారి సముఖానికి

అయ్యా,

మా డేటా నకళ్లను టేపు మీద రాసిపెడుతూ సర్వర్ గది మూలన కొలువుదీరిన తమరికి నమస్కారాలు. రాత్రి మొదలైన బ్యాకప్ మర్నాడు అందరూ పనిలో కూర్చున్నాక కూడా సాగుతూనే ఉంది. తమరికి వయసు మీదపడిందని అందరూ తేల్చేశారు. కొత్త డ్రైవ్ కొనాలని పై అధికారులు తీర్మానించారు కూడా. తీర్మానానికి ముందు కొలిచి చూసే దురలవాటు వారికి లేదు.

తమరిది ఎల్‌టీఓ-8 వంశం, అంటే ఆ టేపు ప్రమాణంలో ఎనిమిదో తరం. డేటా కుదింపు (కంప్రెషన్) లేకుండానే సెకనుకు 360 మెగాబైట్ల దాకా రాయగలరు. ఆ లెక్కన 12 టెరాబైట్ల టేపు తొమ్మిది గంటల పైచిలుకులో నిండాలి. మేము తమరికి వడ్డిస్తున్నది మాత్రం గిగాబిట్ నెట్‌వర్క్ మీద. అది ఎంత తన్నుకున్నా సెకనుకు 125 మెగాబైట్లు దాటదు. అందులో వచ్చేవీ లక్షల కొద్దీ చిట్టి ఫైళ్లు. ఒక్కొక్కదాన్నీ వెతకాలి, తెరవాలి, చదవాలి, మూయాలి. మధ్యలో యాంటీవైరస్ గారి సోదా ఒకటి.

సెకనుకు వంద మెగాబైట్ల దరిదాపుల వరకు తమరు ఓపికగా వేగం తగ్గించుకుంటారు. అంతకన్నా తగ్గమంటే పౌరుషం. రాయాల్సిన డేటా వేచి ఉండే బఫర్ ఖాళీ కాగానే ఆగుతారు, టేపును వెనక్కి లాగుతారు, మళ్లీ పరుగందుకుని వదిలిన చోట రాత మొదలుపెడతారు. దగ్గర నిలబడితే వినిపిస్తుంది: సన్నని రొద, ఠక్కున నిశ్శబ్దం, మళ్లీ రొద. రాత్రంతా ఇదే షూ షైనింగ్, బూటు తుడిచే గుడ్డలా ముందుకూ వెనక్కీ. టేపూ అరుగుతుంది, దాని మీద రాసే హెడ్డూ అరుగుతుంది.

తమరు అడగకపోయినా శుభ్రపరిచే కార్ట్రిడ్జ్ మింగించిన మహానుభావులున్నారు. వేగమైన డిస్కుల నుంచి ఒకే పెద్ద ఫైలును నేరుగా ఇచ్చి చూసినవారు లేరు. ఒకాయన పరీక్షించారు గానీ, సున్నాలతో నింపిన ఫైలుతో. సున్నాలను తమరు కుదించి పారేస్తారు కాబట్టి అంకె అదిరిపోయింది, ఆయనా సంతోషించారు.

చిట్టి ఫైళ్లను ముందు డిస్కు మీద ఒక పెద్ద మూటగా కట్టి తమరికి అందిద్దామని, టేపు మీద ఒక్కసారికి రాసే ముక్క, అంటే బ్లాక్ సైజును 64 కిలోబైట్ల నుంచి 256కు పెంచి చూద్దామని మనవి చేసుకున్నాను. ఖర్చు లేని సలహా కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక తమ వారసుడు ఎల్‌టీఓ-9 వేంచేస్తున్నాడు. వేగం సెకనుకు 400 మెగాబైట్లట. తగిలించేది ఇదే గిగాబిట్ తీగకు. పైగా ప్రతి కొత్త టేపునూ మొదటిసారి పెట్టినప్పుడు సర్దుబాటుకే రెండు గంటల దాకా పట్టవచ్చు. ఆ ఆలస్యానికి కూడా తమరినే తిడతారేమో, అలవాటు కొద్దీ.

ఇట్లు,
బ్యాకప్ నివేదికలో రోజూ ‘కొనసాగుతోంది’ అని రాసే విధేయుడు