గోదా పక్కన ఆ స్టూలు ఈసారి లేదు

మొన్న మా ఊరి జాతరలో కుస్తీలు చూసి వచ్చినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. కొబ్బరికాయ బహుమతిగా ఇచ్చే కుస్తీతో మొదలై వెండి కడియం ఇచ్చే కుస్తీతో ముగిశాయి. వేదిక నిండా నాయకులు, ఒక్కొక్కరికీ శాలువా. గోదా దగ్గర మాత్రం వైద్యుడు లేడు. ఒక కుర్రవాడు మెడ మీద పడ్డాడు. నలుగురు కాళ్లూ చేతులూ పట్టి బస్తాలా ఎత్తుకుపోయారు. అదృష్టం బాగుండి లేచి తిరుగుతున్నాడు.

మా డాక్టరు గారు ఉంటే ఆ నలుగురినీ ఒక్క కేకతో ఆపేవారు. మెడకు దెబ్బ తగిలితే తలను కదలనివ్వకూడదని మాకు నేర్పింది ఆయనే. ముప్పై ఏళ్లు, జాతర రోజు మధ్యాహ్నానికే క్లినిక్ మూసి, సంచి పట్టుకుని వచ్చి గోదా అంచున స్టూలు వేసుకున్నారు. వేదిక మీదికి పిలిస్తే "అక్కడినుంచి మోకాళ్లు కనపడవు" అనేవారు. ఏ పహిల్వాన్ దగ్గరా రూపాయి తీసుకోలేదు.

నా భుజం జారితే సరిచేసి, తాను చెప్పేదాకా కుస్తీ నేర్పే తాలీంఖానా గడప తొక్కవద్దన్నారు. పది రోజులకే వెళ్లాను. ఉస్తాద్ గుమ్మంలోనే ఆపేశారు: "డాక్టర్ సాబ్ సరే అంటేనే లంగోటా."

చెవుల సంగతి వేరే చెప్పాలి. నలిగి ముద్దయిన చెవి మాకు పతకంతో సమానం. అది మృదులాస్థి మీద రక్తం గడ్డకట్టి అక్కడి కణజాలం చచ్చిపోవడమని, మొదటి రోజుల్లోనే రక్తం తీసి గట్టిగా కట్టు కడితే చెవి నిలుస్తుందని ఆయన ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పారు. గోదా మట్టిలో పసుపు, నూనె, మజ్జిగ కలిపాం, ఇక చర్మవ్యాధుల భయమేముందని వాదించేవాళ్లం. అయినా తామర ఉన్నవాణ్ని ఆయన గోదాలోకి దిగనిచ్చేవారు కాదు. అంతర్జాతీయ పోటీల్లోనూ వైద్యుడు చర్మం చూశాకే బరిలోకి పంపుతారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫొగాట్ 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ పోగొట్టుకున్న రోజు ఊరంతా టీవీల ముందు ఏడ్చింది. నాకు మాత్రం బరువు తగ్గడానికి నీళ్లు మానేసి పరుగెత్తే మా పిల్లలకు ఆయన పెట్టిన చీవాట్లు గుర్తొచ్చాయి. రాష్ట్రపోటీలకు వెళ్లే ముందు నాలుక పిడచకట్టిన ఒక అబ్బాయికి తానే దగ్గరుండి సెలైన్ ఎక్కించి, ఆ ఏడాదికి పోటీ మాన్పించారు. ఆ అబ్బాయి తండ్రి ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు.

ఆయన పోయి రెండేళ్లు. సంతాపసభ ఘనంగా జరిపాం, ఫ్లెక్సీ కట్టాం. ఆయన చేసిన పని మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు. ఇది కమిటీ తప్పే కాదు, నాతో సహా ఆయన చేతి కట్టుతో ఇంటికి నడిచి వెళ్లిన ప్రతి ఒక్కరి తప్పు.

కడియానికి చందా అడగడానికి వచ్చేవారికి ముందే చెబుతున్నాను. వచ్చే జాతరకు నా డబ్బు గోదా పక్కన కూర్చునే వైద్యుడికీ అంబులెన్సుకూ ఇస్తాను. అవి రెండూ వచ్చి నిలిచాకే కొబ్బరికాయ కుస్తీ మొదలుపెట్టండి.