కుక్కల మీద చేసిన లివర్ ప్రయోగాలు దండగ కావు

లివర్ మార్పిడి గురించి ఒక వాట్సాప్ మెసేజ్ చాలా గ్రూపుల్లో తిరుగుతోంది. "కుక్కలు, పందుల మీద చేసిన లివర్ ప్రయోగాలన్నీ దండగ. అక్కడ తేలింది మనిషిలో పనిచేయలేదు. హఠాత్తుగా లివర్ ఫెయిలైతే మందులే చాలు" అని దాని సారాంశం. మూగజీవాల మీద జాలితో రాసినట్టుంది. ఆ జాలి నాకూ ఉంది. కానీ అందులో చెప్పిన విషయాలు తప్పు.

మొదట "అన్నీ దండగ" అన్న మాట. 1955లో అమెరికాలోని ఆల్బనీలో స్టువర్ట్ వెల్ష్ అనే సర్జన్, కుక్క సొంత లివర్‌ను కదపకుండా పొట్టలో రెండో లివర్ అమర్చారు. కొద్ది రోజుల్లోనే అది కుంచించుకుపోయింది. శరీరం తిరస్కరించిందనుకున్నారు. అసలు కారణాన్ని తర్వాత థామస్ స్టార్జల్ అనే మరో అమెరికన్ సర్జన్ బృందం కుక్కల్లోనే తేల్చింది. పేగుల నుంచి, క్లోమం నుంచి వచ్చే పోర్టల్ రక్తం ఆ కొత్త లివర్‌కు అందలేదు. ఆ రక్తంలో ఉండే ఇన్సులిన్ లాంటివి అందకపోతే లివర్ చిక్కిపోతుంది.

ఈ పాఠం ఇవాళ్టికీ పనికొస్తోంది. హఠాత్తుగా లివర్ ఫెయిలైన (అక్యూట్ లివర్ ఫెయిల్యూర్) కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, సొంత లివర్‌లో కొంత ఉంచి పక్కనే దాత లివర్ ముక్క పెడతారు. పోర్టల్ రక్తం రెండింటికీ సరిపడా అందేలా చూడటమే అందులో కష్టమైన పని. సొంత లివర్ కోలుకున్నాక, తిరస్కరణను ఆపే మందులను మెల్లగా తగ్గించి మానేస్తారు. దాత ముక్క కుంచించుకుపోతుంది. ఆ బిడ్డకు జీవితాంతం మందులు మింగే బాధ తప్పుతుంది. వెల్ష్ కుక్కల్లో ఏం తప్పిందో తెలియకపోతే ఇక్కడిదాకా వచ్చేవాళ్లం కాదు.

"మనిషిలో పనిచేయలేదు" అన్నది సగం నిజం. 1963లో డెన్వర్‌లో స్టార్జల్ లివర్ మార్చిన తొలి రోగుల్లో ఒక్కరూ నెల దాటలేదు. ఆపరేషన్ వేళ రక్తాన్ని మళ్లించడానికి కుక్కల్లో బాగా పనికొచ్చిన ప్లాస్టిక్ గొట్టాలు, మనుషుల్లో రక్తాన్ని గడ్డలు కట్టించి ఊపిరితిత్తులకు పంపాయి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాల్న్ అనే సర్జన్ లివర్ మార్చిన పందుల్లో కొన్ని, తిరస్కరణను ఆపే మందుల్లేకుండానే బతికాయి. మనుషులకు అలా కుదరలేదు. కానీ స్టార్జల్ ఆపరేషన్లు ఆపేసి మళ్లీ కుక్కల దగ్గరికే వెళ్లారు. తిరస్కరణను అడ్డుకునే కొత్త సీరమ్‌ను వాటిలో పరీక్షించారు. 1967లో తిరిగి మొదలుపెట్టాక ఒక పసిపాప ఏడాదికి పైగా బతికింది.

"మందులే చాలు" అన్నది మాత్రం ప్రాణాలు తీసే మాట. పారాసెటమాల్ ఎక్కువగా మింగినవాళ్లకు త్వరగా ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మందు ఇస్తే చాలామంది బతుకుతారు. హెపటైటిస్ ఎ, ఇ వచ్చినవాళ్లలో ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. కామెర్లతో పాటు మనిషి మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా లెక్క వేరు, లివర్ మార్చాల్సి రావచ్చు. మన దగ్గర దొరికే కొన్ని ఎలుకల మందు పేస్టుల్లో ఉండే పసుపు భాస్వరానికైతే విరుగుడే లేదు. అది తిన్న మనిషి మొదటి ఒకటి రెండు రోజులు బాగున్నట్టే కనిపించవచ్చు. ఆ మెసేజ్ నమ్మి "మందులతో ఇంకో రెండు రోజులు చూద్దాం" అనుకుంటే, ఆ రెండు రోజుల్లోనే మెదడు వాచిపోవచ్చు. అప్పుడు కొత్త లివర్ దొరికినా మనిషి దక్కకపోవచ్చు.