ఒక్క నమూనాను నమ్మి బావి తవ్వలేం

కాకినాడ తీరానికి ఆవల, కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో ఉన్న ధీరూభాయ్-1, 3 క్షేత్రాల్లో గ్యాస్ ఉత్పత్తి 2009 ఏప్రిల్‌లో మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని అభివృద్ధి ప్రణాళిక అంచనా వేసినా ఆ స్థాయిని అవి ఎన్నడూ అందుకోలేదు. ఉత్పత్తి క్రమంగా క్షీణించి 2020 ఫిబ్రవరిలో పూర్తిగా ఆగిపోయింది. ప్రణాళికలో చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వమూ, భూగర్భమే అంచనాలకు భిన్నంగా ఉందని క్షేత్రాలను నిర్వహించిన రిలయన్స్ సంస్థా వాదించాయి. ఆ వివాదంలో తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే ఇరుపక్షాల వాదనల వెనుకా ఉన్నది ఒకే ప్రశ్న: కంటికి కనిపించని రాతిపొరల్లో బావులు ఎన్ని, ఎక్కడ, ఏ వరుసలో తవ్వాలి?

ఈ లెక్క మనిషి చేతితో తేలేది కాదు. రిజర్వాయర్‌ను, అంటే గ్యాస్ లేదా చమురు నిండిన రాతిపొరను, పైనుంచి 100 అడ్డు, 100 నిలువు గళ్లుగా విభజించి, అందులో పది బావులకు చోటు ఎంచాలనుకుంటే సాధ్యమయ్యే అమరికల సంఖ్య 34 అంకెలకు చేరుతుంది. ఒక్కో అమరికను కంప్యూటర్‌లో పరీక్షించే సిమ్యులేషన్‌కే గంటలు పట్టవచ్చు. అందుకే జీవపరిణామాన్ని అనుకరించే జన్యు అల్గారిథమ్‌లు (కంప్యూటర్ గణన పద్ధతులు), పక్షుల గుంపు కదలికల స్ఫూర్తితో 1995లో వచ్చిన కణసమూహ పద్ధతి, అన్నింటినీ పరీక్షించకుండానే మెరుగైన అమరికల వైపు సాగుతాయి. అవి అనుభవజ్ఞుడైన ఇంజినీరుకు తట్టని చోట్లను కూడా చూపించగలవు.

నా ఆందోళన మరొకటి. అల్గారిథమ్ వెతికేది నేలలో కాదు, నేల గురించి మనం కంప్యూటర్‌లో గీసుకున్న నమూనాలో (మోడల్‌లో). నమూనా ఎక్కడ పొరపాటున ఆశావహంగా ఉంటే, బావులను సరిగ్గా అక్కడికే చేర్చడం అల్గారిథమ్ స్వభావం. ఎంత సమర్థంగా వెతికితే ఆ పొరపాటును అంత గట్టిగా పట్టుకుంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన టీఎన్‌ఓ సంస్థ ఉత్తర సముద్ర క్షేత్రాల తరహాలో రూపొందించిన ఒలింపస్ పోటీలో, పరిశోధకులకు ఒకటి కాదు, 50 భూగర్భ నమూనాలు ఇచ్చారు. వాటన్నింటిపై సగటు లాభాన్ని పెంచాలన్నదే లక్ష్యం. సరైన దారి ఇదేనని నా నమ్మకం, అయితే సగటు ఒక్కటే చాలదు. లోతు సముద్రంలో ఒక్కో బావికి వందల కోట్ల రూపాయలు ఖర్చవుతున్నప్పుడు, 50లో ఎన్ని నమూనాల్లో నష్టం వస్తుందో కూడా ముందే తెలియాలి.

అలాగే బావుల స్థానాలన్నీ తొలిరోజే ఖరారు చేయడం కన్నా, మొదటి రెండు మూడు బావుల పీడనం, నీటి రాక చూసి నమూనాలను సరిదిద్ది, తర్వాతి వాటిని నిర్ణయించడం మేలు. చమురు, గ్యాస్ క్షేత్రాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్ ముందుకు వచ్చే ప్రతి అభివృద్ధి ప్రణాళికలోనూ ఒక్క ఉత్పత్తి అంకెకు బదులు, వేర్వేరు నమూనాల్లో వచ్చిన కనిష్ఠ, గరిష్ఠ అంచనాలు ఉండాలని, ఏ ఫలితం కనిపిస్తే తర్వాతి బావి ఎక్కడికి మారుతుందో రాతపూర్వకంగా చెప్పాలని నేను కోరుతున్నాను.